చేతికి తెలిసిన పని సంస్థకు ఎలా అందుతుంది? మీ చోట ఏం జరిగిందో చెప్పండి

పలాస_పిక్క
అందరికీ నమస్కారం. పలాసలో మాకు చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది. నాన్నగారు మొదలుపెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. దూరవిద్యలో ఎంబీఏ కూడా చేస్తున్నాను. ఈ సెమిస్టర్‌లో ఇకుజిరో నొనాకా అనే జపాన్ ప్రొఫెసర్ పరిశోధన చదివాను. సంస్థలు కొత్త విషయాన్ని ఎలా నేర్చుకుంటాయి, కొత్త వస్తువును ఎలా పుట్టిస్తాయి అన్నదే ఆయన జీవితకాలపు పని. చదువుతున్నంతసేపూ మా షెడ్డే గుర్తొచ్చింది.

1991లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఆయన ఒక సంగతి రాశారు. 1985లో ఒసాకాలోని మత్సుషిత కంపెనీవాళ్లు ఇంట్లో బ్రెడ్ చేసుకునే మిషన్ మీద పని చేస్తున్నారు. ఎంత చేసినా పైన మాడుతోంది, లోపల పచ్చిగా ఉంటోంది. మిషన్ కలిపిన పిండికీ వంటవాడు కలిపిన పిండికీ ఎక్స్‌రేలు తీసి మరీ పోల్చారు. ఏమీ తేలలేదు. అప్పుడు ఇకుకో తనకా అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, మంచి బ్రెడ్‌కు పేరున్న ఒక హోటల్లో పెద్ద వంటవాడి దగ్గర శిష్యరికం చేసింది. ఆయన పిండిని సాగదీస్తూ మెలిక తిప్పుతున్నాడని గమనించింది. ఆ తర్వాత ఏడాదిపాటు ఇంజనీర్లతో కూర్చుని, మిషన్ లోపల ప్రత్యేకంగా గట్లు పెట్టించి ఆ మెలికను రప్పించారు.

ఇక మా సంగతి. మా దగ్గర ఇరవై ఏళ్లకు పైగా పని చేసిన ఒక పెద్దావిడ కూతురి దగ్గరకు వెళ్లిపోయింది. రెండు నెలల్లో గుండు (విరగని పూర్తి పప్పు) తగ్గి, బద్ద (రెండుగా చీలింది), ముక్క పెరిగాయి. డబ్ల్యూ 320 అనే గుండు రకం పప్పు ముక్కైతే ధర ఎంత పడిపోతుందో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. నేను ముందు కటింగ్ వాళ్లను కేకలేశాను. తర్వాత, కోసే ముందు పిక్కలకు (పెంకుతో ఉన్న గింజలకు) ఆవిరి పెట్టే టైమ్ పెంచాను, తగ్గించాను. ఏం చేసినా లాభం లేకపోయింది. ఆఖరికి ఆవిడకు ఫోన్ చేసి అడిగితే "రంగు చూసి ఏరుతాను బాబూ" అంది. నాలుగు రోజులు రంగు చూసి ఏరించాం. అదీ పని చేయలేదు. బతిమాలి ఆవిడను పది రోజుల పాటు ఉండేలా పిలిపించుకున్నాను. పక్కన కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలను కూర్చోబెట్టాను.

మూడో రోజు ఒక అమ్మాయి వచ్చి, "ఆవిడ రంగు చూడట్లేదండీ, వింటోంది" అంది. నేనూ వెళ్లి చూశాను. ఉడకబెట్టక ముందు పిక్కలను దోసిట్లోకి తీసుకుని, జానెడు ఎత్తు నుంచి మళ్లీ గంపలోకి వదులుతోంది. వదిలేటప్పుడు తల కొంచెం పక్కకు వంచుతోంది. గలగలమంటే ఉడుకుకు, మెత్తగా పడితే మళ్లీ కళ్లంలో ఎండకు. తేమ ఉన్నవీ లేనివీ కలిపి ఒకే ఆవిరి పెట్టడం వల్లే పప్పు పగులుతోందన్నమాట. అడిగితే ఆవిడకే ఆశ్చర్యం వేసింది. మళ్లీ ఓ దోసెడు వదిలి, "అవును బాబూ, సద్దు వింటున్నాను" అంది.

మీలో ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉందా? ఆఫీసైనా, ఆసుపత్రైనా, పొలమైనా సరే.

చంపావతి_ఒడ్డున
బాబూ, నేను జనపనార మిల్లులో స్పిన్నింగ్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి మేనేజ్‌మెంట్ చదివే రోజుల్లో క్రిస్ ఆర్గిరిస్ అనే అమెరికా ప్రొఫెసర్ గురించి చెప్పేవాడు. మనిషి తాను ఇలా చేస్తానని చెప్పేది ఒకటి, నిజంగా చేసేది ఒకటి, ఆ తేడా అతనికే తెలియదు అని ఆయన, డొనాల్డ్ షోన్ కలిసి 1974లోనే రాశారట. మీ పెద్దావిడ చెప్పిన రంగు, విన్న సద్దు అచ్చం అదే.

ఆర్గిరిస్‌దే ఇంకో మాట ఉంది. గదిలో చలి పెరిగితే థర్మోస్టాట్ హీటర్ ఆన్ చేస్తుంది, వేడెక్కితే ఆపుతుంది. అది ఒక చుట్టు నేర్పు. అసలు ఆ డిగ్రీల దగ్గరే ఎందుకు పెట్టాం అని అడగడం రెండో చుట్టు. మా మిల్లులో నూలు తెగినప్పుడల్లా నూనె, నీళ్లు కలిపిన ఎమల్షన్ పాళ్లు మార్చేవాళ్లం. నార ఇంకో రోజు మాగబెట్టేవాళ్లం. తెగేది తెగుతూనే ఉండేది. కొన్న నారే తక్కువ రకమని నూలు వడికే ఫ్రేమ్ దగ్గర ఉన్న ప్రతివాడికీ తెలుసు. కానీ కొనుగోలు పైవాళ్ల వ్యవహారం. దాని మీద నోరు విప్పడం మా పని కాదని అందరం అనుకున్నాం. రిపోర్టులో మాత్రం ప్రతి షిఫ్టూ "ఆపరేటర్ అజాగ్రత్త" అని రాసేవారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మీరు ముందు కేకలేసి, తర్వాత ఆవిరి టైమ్ మార్చారు చూడండి, అదే మొదటి చుట్టు. అక్కడితో ఆగకపోవడం మంచిదైంది.

ఆమదాలవలస_సిస్టర్
మిల్లు మేష్టారు రాసిన "అజాగ్రత్త" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేను స్టాఫ్ నర్సును. ముందు పని చేసిన చోట రెండు ఇంజెక్షన్ల యాంపూల్స్ (మందు ఉండే చిన్న గాజు గొట్టాలు) దాదాపు ఒకేలా ఉండేవి. సైజూ అదే, లేబుల్ రంగూ అదే. పక్కపక్క ట్రేల్లోనే పెట్టేవాళ్లు. ఒక రాత్రి డ్యూటీలో నేను ఒకదానికి బదులు ఇంకోటి చేతిలోకి తీసుకున్నాను. సిరంజిలోకి ఎక్కించే ముందు పేరు చదివాను కాబట్టి సరిపోయింది. చేతులు వణికాయి. తెల్లారాక ఎవరికీ చెప్పలేదు. అంతకు వారం ముందే ఇంకో అమ్మాయి తన పొరపాటు తానే చెప్పుకుంటే మెమో ఇచ్చారు. నేను చెప్పి ఉంటే ఆ రోజే ట్రేలు మారేవి. ఆ బాధ నాకు పోలేదు.

హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ప్రొఫెసర్ ఉన్నారు. 1990లలో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేశారు. బాగా కలిసి పని చేసే వార్డుల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకున్నారు. లెక్క తీస్తే అక్కడే ఎక్కువ కనిపించాయి. తర్వాత అర్థమైందేమిటంటే, ఆ వార్డుల్లో జరిగింది జరిగినట్టు బయటికి చెప్పుకుంటున్నారు. మిగతా చోట్ల దాస్తున్నారు. 1999లో ఒక తయారీ కంపెనీలోని 51 బృందాలను చూసి, తిడతారన్న భయం లేనిచోటే నేర్చుకోవడం జరుగుతోందని చూపించారు.

ఇప్పుడు నేనున్న చోట ఇన్‌ఛార్జ్ సిస్టర్ షిఫ్ట్ మారేటప్పుడు "ఈ పూట ఎక్కడ తడబడ్డారమ్మా?" అని అడుగుతారు, ముందు తన సంగతే చెబుతారు. మొదటి వారం ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత తర్వాత చెప్పడం మొదలైంది. ఒకేలా ఉండే మందులు ఇప్పుడు వేర్వేరు అలమరాల్లో ఉన్నాయి.

టెక్కలి_కూలి_మనిషి
అన్నీ బాగానే ఉన్నాయి కానీ నాదొక ప్రశ్న. కటింగ్, తొక్క తీయడం, గ్రేడింగ్, మన దగ్గర చాలావరకు కిలోల లెక్కన కూలి. తన చేతిలో విద్య పక్కవాళ్లకు చెబితే ఆవిడకేం వస్తుంది? నేర్పిన పూట తన కిలోలు తగ్గుతాయి. నేర్చుకున్నవాళ్లు నాలుగు నెలల్లో ఆవిడకు పోటీ అవుతారు. మా అమ్మ ఇదే పని చేసింది. జీడి నూనెకు వేళ్లు నల్లబడిపోయేవి, బూడిద రాసుకుని కూర్చునేది. ఆ వేళ్లు సంపాదించుకున్న తెలివిని "సంస్థ జ్ఞానం" అని ఊరికే తీసుకోవడం నాకు న్యాయంగా అనిపించదు.

పలాస_పిక్క
మీరన్నది నిజం అన్నా. అది నాకూ మొదట తట్టలేదు. గుర్తు చేసింది మా అమ్మ. ఆ పది రోజులకూ ఆవిడ బాగా పని చేసిన రోజుల సగటు కూలి కట్టి, దాని మీద నేర్పినందుకు వేరుగా ఇచ్చాం. రానూపోనూ ఛార్జీలు మావే. పక్కన కూర్చున్న ఇద్దరికీ రోజు కూలి ఇచ్చాం, కిలోలు చూడలేదు. ఇది సరిపోతుందని నేను అనను. కానీ నేర్పడాన్ని కూడా పనిగా లెక్క కట్టకపోతే ఎవరూ నేర్పరని మాత్రం అర్థమైంది. నేను చదివిన పాఠాల్లో కిలో కూలి గురించి ఎక్కడా లేదు.

గజపతినగరం_లెక్చరర్
చిన్న మాట. 1990లో కోహెన్, లెవింతాల్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. బయటి నుంచి వచ్చిన కొత్త విషయాన్ని అందుకోవాలంటే, దానికి సంబంధించిన తెలివి లోపల ముందే ఉండాలి. చాలామంది ఆటోమేటిక్ కటింగ్ మిషన్ కొనగానే పాత కటింగ్ వాళ్లను పంపించేస్తారు. కాలితో తొక్కే మిషన్ మీద ఏళ్ల తరబడి కూర్చున్న మనిషే కొత్త మిషన్ బ్లేడు సెట్టింగ్ ఎక్కడ తప్పిందో ముందు పట్టుకుంటుంది. మిషన్ వచ్చిందని ఆ మనిషిని వదులుకోకండి.

పొందూరు_మనవరాలు
మా అమ్మమ్మ పొందూరులో వడికేది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వేది. పళ్లు సన్నగా, దగ్గరదగ్గరగా ఉన్న ఆ దవడ ఇంట్లో ఇప్పటికీ ఉంది. నేను దువ్వితే పోగు తెగుతుంది. ఆవిడ దువ్వితే దూది పొగలా లేచేది. మణికట్టు ఎంత వదులుగా ఉంచాలో నోటితో చెప్పలేకపోయేది, నా చేతి మీద తన చెయ్యి వేసి దువ్వించేది. నొనాకా చెప్పిన శిష్యరికం అంటే నాకు అదే.

కానీ పలాస అన్నకు ఒక జాగ్రత్త చెప్పాలి. జేమ్స్ మార్చ్ అనే ప్రొఫెసర్ 1991లో సంస్థ ఎలా నేర్చుకుంటుందో లెక్కల్లో ఒక నమూనా కట్టి చూపించారు. కొత్తగా చేరినవాళ్లు పాత పద్ధతిని మరీ త్వరగా ఒంటపట్టించుకుంటే సంస్థకే నష్టం. వాళ్లు వెంట తెచ్చిన వేరే చూపు సంస్థకు అందకముందే పోతుంది. మీ దగ్గర ఆవిడ వింటోందని కనిపెట్టింది ఎవరు? మీరు కాదు, పాతవాళ్లూ కాదు, కొత్తగా వచ్చిన అమ్మాయి. ఆ అమ్మాయిని ఇంకో పెద్దావిడలా తయారు చేసి ఊరుకోకండి.

పలాస_పిక్క
పొందూరు అక్కా, మీరు రాసింది ఆ అమ్మాయికి చదివి వినిపించాను. సిగ్గుపడింది. కాసేపాగి తనే ఒక మాట చెప్పింది. మన ఉద్దానం పిక్కకు, ఆఫ్రికా నుంచి వచ్చే పిక్కకు సద్దు ఒకేలా లేదట. ఆఫ్రికా లాట్‌లో గలగలమన్నవి కూడా కొన్ని పగులుతున్నాయట. పెద్దావిడ ఎక్కువగా చేసింది మన పిక్క మీదే కదా. కొనేటప్పుడు 80 కిలోల బస్తాకు పప్పు దిగుబడి తెలుసుకోవడానికి ఎలాగూ కిలో పిక్కలు కోసి చూస్తాం. ఆ కిలోను కోసే ముందు ఆ అమ్మాయి చేత దోసిట్లో వదిలించి, సద్దు ఎలా ఉందో, కోశాక ఎన్ని గుండ్లు వచ్చాయో పక్కపక్కనే రాయిద్దామని అనుకుంటున్నాం. పుస్తకం కొన్నాను. సోమవారం లాట్ దిగుతోంది. పెద్దావిడను కూడా వీడియో కాల్‌లో ఉంచుతాం, ఫోన్లో సద్దు సరిగా వినబడుతుందో లేదో చూడాలి.

ఆమదాలవలస_సిస్టర్
పగిలినవి ఎన్నో కూడా ఆ పుస్తకంలో ఆ అమ్మాయినే రాయనివ్వండి అన్నయ్యా. మొదటి పేజీ మీరు కొట్టివేతలతో రాసి ఇవ్వండి, తప్పు రాయడానికి భయపడదు.