జంబలాయా, అత్తెసరు, అడుగంటడం

ప్రశ్న: మిత్రులకు నమస్కారం. అమెరికాలోని లూసియానా రాష్ట్రపు వంటకం జంబలాయా పేరును తెలుగు కథలోకి ఎలా తీసుకురావాలి? ‘అమెరికా బిర్యానీ’ అంటే సరిపోతుందా? కేజన్, క్రియోల్ అనే రెండు పద్ధతుల తేడాను కూడా పెద్దలు వివరించగలరు.

సమాధానం: బిర్యానీ అనడం తగదని నా అభిప్రాయం. హైదరాబాదు బిర్యానీకి బియ్యాన్ని విడిగా కొంతవరకు ఉడికించి, నీరు వార్చి, మాంసం మీద పరచి దమ్ చేస్తారు. జంబలాయాలో పచ్చి బియ్యమే మాంసంతోనూ కూరముక్కలతోనూ కలిసి ఒకే గిన్నెలో ఉడుకుతుంది, అందులో వార్చడమన్నది లేదు. గంజి వార్చే పని లేకుండా, బియ్యం పీల్చుకోగలిగినంత నీటినే పోసి వండడాన్ని మనం అత్తెసరు అంటాము. ఈ మాట నేడు ‘అత్తెసరు మార్కులు’ అన్న చోటనే ఎక్కువగా వినిపిస్తున్నది కాని, వంటింట్లో దానికున్న అసలు అర్థం ఇక్కడ అచ్చంగా అతుకుతుంది. ఒక కప్పు పొడుగు బియ్యానికి సుమారు రెండు కప్పుల మాంసరసం ఎసరుగా పెట్టి, తెర్లిన తరువాత మంట తగ్గించి మూత పెడతారు. ఆపైన గరిటెతో పదే పదే కలిపితే మెతుకు విరిగి ముద్దవుతుంది కాబట్టి దాదాపు కదపరు.

రెండు పద్ధతులకూ ఉల్లిపాయ, సెలరీ అనే కూరమొక్క కాడలు, క్యాప్సికం ఆధారం. ఈ మూడింటినీ అక్కడివారు ‘పవిత్ర త్రయం’ అంటారు. న్యూ ఓర్లీన్స్ నగరంతో ముడిపడిన క్రియోల్ జంబలాయాలో టమాటా పడుతుంది, అందువల్ల అన్నం ఎర్రగా ఉంటుంది. కోడిమాంసం, ఆండూయీ అనే పొగబెట్టిన పంది సాసేజ్ ముందే వేసి, రొయ్యలను మాత్రం గట్టిపడకుండా చివరలో కలుపుతారు.

దక్షిణ లూసియానా పల్లెల కేజన్ పద్ధతిలో సాధారణంగా టమాటా ఉండదు, అన్నం గోధుమ రంగులో ఉంటుంది. ఆ రంగు ఎక్కడిదో చెప్పడానికి మన అడుగంటడం అన్న మాట ఎంతో ఉపకరిస్తుంది. పోత ఇనుప పాత్రలో మాంసాన్ని అడుగంటేదాకా వేయించి, ఉల్లిముక్కలు వేయగానే వాటి నుంచి ఊరే నీటితో, చాలకపోతే కాస్త మాంసరసంతో, ఆ అడుగును గీకి కలుపుతారు. రంగు, రుచి రెండూ అక్కడే పుడతాయి. మన ఇళ్లలో ‘అడుగంటింది’ అంటే ఫిర్యాదు, ఇక్కడ అది కావాలని చేసే పని. అయితే అడుగంటడం వేరు, మాడడం వేరు. మాడితే చేదు మొత్తం అన్నానికీ పాకుతుంది. తెలుగు ఈ రెండింటికీ వేర్వేరు మాటలు ఉంచుకున్నది కనుక అనువాదంలో వాటిని కలిపేయకూడదు.

పేర్ల విషయానికి వస్తే, కేజన్ అన్నది అకేడియన్ అన్న మాటకు వాడుక రూపం. నేటి కెనడా తూర్పు తీరంలోని అకేడియా నుంచి 1755లో మొదలుపెట్టి బ్రిటిషువారు వెళ్లగొట్టిన ఫ్రెంచి భాషీయులలో చాలామంది తరువాతి కాలంలో లూసియానా చేరారు. క్రియోల్ అన్నది మొదట లూసియానా వలస రాజ్యంగా ఉన్నప్పుడు అక్కడే పుట్టినవారికి చెల్లిన పేరు, వారి వంటలో ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికన్ పాళ్లు కలిశాయి. జంబలాయా అన్న మాట దక్షిణ ఫ్రాన్సులోని ప్రొవాన్సాల్ భాష నుంచి వచ్చిందన్నది బలమైన అభిప్రాయం. పందిమాంసాన్ని సూచించే ‘జాంబోఁ’ అన్న ఫ్రెంచి మాటకు అన్నం అనే అర్థమున్న ఆఫ్రికన్ మాట తోడైందన్న కథ చెవికి ఇంపుగా ఉన్నా, దానికి ఆధారం బలహీనం.

మరో ప్రశ్న: వివరణకు కృతజ్ఞతలు. వంట పద్ధతి అత్తెసరే అయినప్పుడు పులావు అనవచ్చు కదా? కదంబం అన్నా అందంగానే ఉంటుంది.

సమాధానం: కదంబం అనగానే మనకు గుడి ప్రసాదం తలపుకొస్తుంది, పంది సాసేజ్ పడే వంటకు ఆ పేరు పెట్టడం నాకు సమ్మతం కాదు. పులావు పద్ధతిలో దగ్గరే కాని, మరొక చిక్కు ఉన్నది. అమెరికాలోనే దక్షిణ కరోలినా ప్రాంతంలో మాంసంతో కలిపి వండే అన్నాన్ని పర్లూ అంటారు, అది మన పులావు మాటకు చుట్టమే. ఆ పేరు అక్కడ మరో వంటకు స్థిరపడి ఉండగా, లూసియానా వంటకు దానిని అంటగట్టడం పొరపాటవుతుంది. కథలో జంబలాయా అనే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట ‘మాంసంతో అత్తెసరుగా వండిన లూసియానా అన్నం’ అని ఒక్క ముక్క చేర్చండి. పాత్ర ఏ ప్రాంతం మనిషో తెలిస్తే ఎర్రనిదా, గోధుమ రంగుదా అన్నది కూడా రాయండి.