600 ఫొటోలు: ఇంట్లో ప్రింటర్ కొనాలా, ల్యాబ్‌కి పంపాలా?

వంశధార (పర్లాకిమిడి)
అందరికీ నమస్కారం. ఫోనువీ, నికాన్ కెమెరావీ కలిపి ఏరి పెట్టిన ఫొటోలు 600 దాకా ఉన్నాయి. ఎక్కువ 4×6, ఓ ఇరవై మాత్రం 8×12. ఇంట్లో పెద్దవాళ్లు చేత్తో తిప్పి చూసుకోడానికి ఆల్బమ్. ఎప్సన్ ఎల్8050 ప్రింటర్ కొనుక్కోమని కొందరు, విశాఖ ల్యాబ్‌కి పంపమని కొందరు అంటున్నారు. మా ఊళ్లో స్టూడియోలున్నా, మంచి ప్రింటు కావాలంటే బరంపురమో శ్రీకాకుళమో పంపుతామంటున్నారు. ఏది మేలో కారణంతో చెప్పండి. ఊరికే "ల్యాబే బెస్ట్" అనొద్దు.

నాగావళి గట్టు (రాయగడ)
కొనండి. ఎల్8050 ఆరు రంగుల మెషీన్. మామూలు నాలుగింటికి తోడు లేత సయాన్ (ఆకాశనీలం), లేత మెజెంటా (ముదురు గులాబీ) ఉంటాయి. చెంప మీద వెలుగు నుంచి నీడలోకి రంగు దిగే చోట నాలుగు రంగుల ప్రింటర్ సన్నటి చుక్కలు చూపిస్తుంది, ఇది చూపించదు. ఆఫీసు పనికి కొన్న ట్యాంకు ప్రింటర్ మీద ఫొటో తీసి "ఇంట్లో ప్రింటు బాగోదు" అనేవాళ్లే ఎక్కువ. కేనన్ జీ3010 లాంటి వాటిలో నల్ల ఇంకు పిగ్మెంటు, అంటే కరగని పొడి రంగు. గ్లాసీ పేపర్ మీద ఆ నలుపుని మెషీన్ వాడదు, మిగతా మూడు రంగులూ కలిపి నలుపు చేస్తుంది. జుట్టు అందుకే నిగనిగలాడదు.

పేపర్ దగ్గర పీనాసితనం వద్దు. చౌక గ్లాసీ కాదు, వెనకా ముందూ ప్లాస్టిక్ పూత ఉండే ఆర్‌సీ పేపర్, 240 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాములు) పైన తీసుకోండి. డ్రైవర్‌లో, అంటే కంప్యూటర్‌లో ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో, పేపర్ రకం తప్పక మార్చండి. "ప్లెయిన్" అని వదిలేస్తే ఇంకు లెక్క తప్పి ఫొటో పాలిపోయినట్టు వస్తుంది. ఫొటోషాప్‌లో రంగుల సర్దుబాటు పెట్టుకుంటే డ్రైవర్‌లో అది ఆపేయాలి. రెండు చోట్లా నడిస్తే ముఖాలు మెజెంటాలోకి పోతాయి. "స్క్రీన్ మీద బాగుంది, ప్రింటు నల్లగా వచ్చింది" అనేవాళ్లలో చాలామందికి తప్పు ప్రింటర్‌ది కాదు, పూర్తి వెలుగులో పెట్టిన స్క్రీన్‌ది. తెల్ల కాగితం పక్కన పెట్టి, స్క్రీన్ తెలుపు దానితో సరిపోయేదాకా తగ్గించండి. తీసిన ప్రింటుని 24 గంటలు ఆరనిచ్చాకే ఆల్బమ్‌లో దూర్చండి.

చామంతి (గుణుపురం)
పాస్‌పోర్ట్ సైజులకి మాత్రం ఇంటి ప్రింటరే సుఖం. 35×45 మిల్లీమీటర్లవి ఒక 4×6 మీద 8 పడతాయి.

వెండిపూత (బరంపురం)
వంశధార గారూ, 600 అయిపోయాక ఆ మెషీన్‌తో ఏం చేస్తారు? ముందు దానికి జవాబు అనుకోండి.

ఇంక్‌జెట్ వాడకపోతే పాడవుతుంది. నాజిల్ (ఇంకు చిమ్మే సన్నటి రంధ్రం) చివర ఇంకు ఎండి గీతలు పడతాయి. వారానికి ఒక రంగుల పేజీ తీస్తూ ఉండాలి. ఆపేటప్పుడు మెషీన్ మీది బటన్‌తోనే ఆపాలి. గోడ స్విచ్ తీసేస్తే నాజిల్స్ ఉండే హెడ్ మూత కిందకి వెళ్లకుండానే ఆగిపోతుంది. మన దగ్గర కరెంటు పోయే తీరు మీకు తెలుసు. గీతలు పడితే నాజిల్ చెక్, హెడ్ క్లీనింగ్ మూడుసార్ల దాకా చేసి, తగ్గకపోతే ఆపి 12 గంటలు వదలాలి. అప్పటికీ రాకపోతే పవర్ క్లీనింగ్. దానికి ప్రతి ట్యాంకులో కనీసం మూడో వంతు ఇంకు ఉండాలి, చాలా ఇంకు తాగేస్తుంది. అలా కడిగిన ఇంకంతా లోపల ప్యాడ్‌లోకో డబ్బాలోకో పోతుంది. అది నిండితే మార్చేదాకా ప్రింటర్ పని ఆపేస్తుంది. రాయగడలో ఉన్నవాళ్లకి సర్వీసు మనిషి ఏ ఊరి నుంచి రావాలో చూసుకోండి.

ల్యాబ్‌లో వచ్చేది వెండి లవణాల పేపర్. లేజర్ వెలుగు పడి, మందుల్లో మునిగి రంగు తేలుతుంది. చుక్క ఉండదు, భూతద్దం పెట్టినా రంగు విడిపోదు. 4×6కి ఇంట్లో ఇంకు, పేపర్, పాడైన షీట్లు, కడగడానికి పోయిన ఇంకు అన్నీ కలిపితే ల్యాబ్ ధర కన్నా తక్కువ పడదు. ఇది అమ్మకం మాట కాదు, కూర్చుని లెక్క వేసుకోండి.

కొలబద్ద (జయపురం)
ఇవన్నీ తర్వాత. ఫైళ్లు ఎన్ని పిక్సెళ్లు? 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) లేకపోతే ల్యాబైనా ప్రింటరైనా ఒకటే. 4×6కి 1800×1200 కావాలి. వాట్సాప్‌లో వచ్చినవి అందులో ఉంటే తీసేయండి.

నాగావళి గట్టు
వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడుగు వైపు 1600 పిక్సెళ్ల దగ్గర మిగులుతాయి. 6 అంగుళాలకి 266 డీపీఐ. 4×6కి అది చాలు. 8×12కి 133 అవుతుంది, అది చాలదు. ఆ ఇరవైకి మాత్రం అసలు ఫైలు వెతకండి, లేదా డాక్యుమెంట్‌గా పంపించుకోండి.

కొలబద్ద
266 అంటే 300 కాదు.

నాగావళి గట్టు
చేతి దూరంలో పట్టుకుని చూసే ఫొటోలో ఆ తేడా మీ కంటికి కనబడుతుందా? వాట్సాప్ ఫొటోలో నష్టం పిక్సెళ్లది కాదు, ఫైలుని చిన్నది చేసే నొక్కుడుది. ఆకాశంలో మెట్లు మెట్లుగా వస్తాయి, జుట్టు ముద్దవుతుంది.

కొలబద్ద
ల్యాబ్ మెషీన్లు 300 దగ్గర పని చేసేట్టు కట్టారు. తక్కువ ఇస్తే అది మధ్యలో పిక్సెళ్లు తనే పుట్టించుకుంటుంది. నేను చెప్పేది అదే.

పాతపట్నం రోడ్డు
ఏటండీ, ఆవిడ అడిగింది ఏటి, మీరు కొలిచేది ఏటి.

వెండిపూత
పిక్సెళ్ల కన్నా ముందు చూడాల్సింది ఫొటో ఆకారం. ఫోను ఫొటో 4:3, కాగితం 3:2. పొడుగు 6 అంగుళాలు పెడితే ఎత్తు 4.5 వస్తుంది, కాగితం 4 మాత్రమే. అర అంగుళం పోవాల్సిందే. మెషీన్ పైనా కిందా సమంగా కోస్తుంది, నిలబడ్డ వరసలో పొడుగాటివాళ్ల తల పోతుంది. ల్యాబ్‌కి ఇచ్చేముందు మీరే 3:2కి కత్తిరించి ఇవ్వండి, లేదా తెల్ల అంచు వదిలి మొత్తం పట్టేట్టు వెయ్యమని రాసివ్వండి. ఇంట్లోనూ ఇదే బాధ. అంచుల్లేకుండా ప్రింటు పెడితే డ్రైవర్ బొమ్మని కొంచెం పెంచి చుట్టూ కోసేస్తుంది.

ఫైలు ఎస్‌ఆర్‌జీబీలోకి, అంటే స్క్రీన్లూ ల్యాబ్‌లూ మామూలుగా వాడే రంగుల కొలతలోకి, మార్చి ఇవ్వండి. నికాన్‌లో అంతకన్నా విశాలమైన అడోబీ ఆర్‌జీబీ పెట్టి ఉంటే, ల్యాబ్ మెషీన్ అది చూసుకోకపోతే రంగులు చప్పగా వస్తాయి.

నాగావళి గట్టు
వెండిపూత గారు "ల్యాబ్" అన్న ప్రతిసారీ మందుల మెషీనే అనుకుని మాట్లాడుతున్నారు. బోర్డు మీద కలర్ ల్యాబ్ అని ఉన్న చోట లోపల ఏముందో చూడండి. చిన్న ఊళ్లలో చాలాచోట్ల డీఎన్‌పీ కంపెనీ డై-సబ్ ప్రింటర్ ఉంటుంది, వేడితో రంగు ఎక్కిస్తుంది. అది చెడ్డది కాదు, పైన పారదర్శకమైన పూత వేసి ఇస్తుంది. కానీ వెండి పేపర్ కాదు. ఇంకొన్ని చోట్ల కరిజ్మా (పెళ్లి) ఆల్బమ్ షీట్లు ఎన్‌టీఆర్ (చిరగని) కాగితం మీద డిజిటల్ ప్రెస్‌లో కొట్టి ఫొటో ప్రింటనే ఇస్తారు. భూతద్దంలో చుక్కలు కనబడతాయి. వెండి పేపర్ అయితే చాలావాటికి వెనక కంపెనీ పేరు సన్నగా అచ్చయి ఉంటుంది. తిప్పి చూడండి.

మందుల మెషీన్ ఉన్న చోటైనా, రోజూ ఎంత పని పడుతోంది? రంగుల వెండి పేపర్‌ని కడిగే ప్రామాణిక ఆర్‌ఏ-4 పద్ధతిలో డెవలపర్ (బొమ్మని తేల్చే మందు) 35 డిగ్రీల దగ్గర, 45 సెకన్లు. పని తక్కువైతే ఆ మందు ట్యాంకులోనే గాలి తగిలి పాడవుతుంది. తెలుపు పసుపుపచ్చగా తిరుగుతుంది, నలుపులో బలం పోతుంది. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో పంపి చూడండి తెలుస్తుంది.

వెండిపూత
ఆషాఢం మాట నిజమే. అందుకే రోజూ పొద్దున్నే కంట్రోల్ స్ట్రిప్ (పరీక్ష పట్టీ) తీసి డెన్సిటీ (రంగు గాఢత) కొలిచే ల్యాబ్‌కే ఇవ్వాలి. అడిగితే చూపిస్తారు. చూపించనివాడి దగ్గర ఇవ్వొద్దు. దానికి ప్రింటర్ కొనడం మందు కాదు.

ఇక నిలవ సంగతి. మనం ఉన్నది తుఫాన్ల దారిలో. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. నీళ్లలో నానిన ఆల్బమ్‌లో వెండి పేపర్ ఫొటోల్ని చల్లటి మంచినీళ్లలో నానబెట్టి, మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేట్టు విడివిడిగా ఆరబెడితే చాలా మటుకు దక్కుతాయి. ఒకదాని మీద ఒకటి ఉండగా ఎండిపోతేనే జిలాటిన్ అతుక్కుని చిరిగిపోతాయి. ఎల్8050లో ఉండే డై ఇంకు (నీళ్లలో కరిగే రంగు) ప్రింటు తడిస్తే రంగు కారిపోతుంది. తడవకపోయినా, సన్నటి రంధ్రాలుండే ఇంక్‌జెట్ పేపర్ మీద డై ఇంకు గాలిలోని ఓజోన్‌కే వెలుస్తుంది. గోడకి ఊరికే అంటించినది ఇంకా త్వరగా. పెద్దవాళ్ల ఆల్బమ్ అన్నారు, అంటే నిలవాలి. ఇంతకన్నా కారణం ఏం కావాలి?

నాగావళి గట్టు
ఫైలు ఉంది కదా. పోతే మళ్లీ తీసుకుంటారు. రెండు డిస్కుల్లో పెట్టి, ఒకటి వేరే ఇంట్లో ఉంచితే చాలు. ప్రింటుని బంగారంలా బీరువాలో దాచే రోజులు కావు.

వెండిపూత
బీరువాలో దాచేది ప్రింటునే. డిస్కు ఎవరు తెరుస్తారు, ఎవరింట్లో తెరిచారు? మీకు ల్యాబ్ మీద ఏదో కోపం ఉంది, అది ప్రింటర్ మీద ప్రేమలా రాస్తున్నారు.

నాగావళి గట్టు
ఉంది. దాచుకోను. మా మేనకోడలి పెళ్లి ఫొటోలు ఒక ల్యాబ్‌కి ఇస్తే, మంగళస్నానాల్లో పసుపు రాసుకున్న ముఖాలు నీలంగా, బూడిదరంగుగా వచ్చాయి. చామనఛాయ పిల్లని తెల్లగా చేసేశారు, పక్కన మా అక్క అసలు అక్కలా లేదు. అడిగితే "మెషీన్ అలాగే ఇస్తుందండీ" అన్నారు. నాకు డబ్బు లెక్క కాదు, నాజిల్ గొడవ కాదు. నా ఇంటివాళ్ల ముఖం రంగు ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు తేల్చకూడదు. ఇంట్లో ప్రింటర్ ఉంటే ఆ నిర్ణయం నాది.

పాతపట్నం రోడ్డు
ఇదన్నమాట అసలు సంగతి.

వెండిపూత
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత రాసేవాణ్ణి కాదు. జరిగింది ఏమిటంటే, ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ప్రతి ఫొటో మొత్తాన్ని సగటు చేసి మధ్యస్థ బూడిదరంగు దగ్గరకి లాగుతుంది. ఫొటో నిండా పసుపు ఉంటే "పసుపు ఎక్కువైంది" అనుకుని తీసేస్తుంది, ఎదురు రంగు నీలం కాబట్టి ముఖాలు నీలమవుతాయి. నల్లటి వెనకభాగం ఉంటే మొత్తం తెల్లబరుస్తుంది. తెల్ల గోడ ముందు తెల్ల పంచెలో ఉన్నాయన ముఖం అదే లెక్కన నల్లబడుతుంది. మందుల తప్పు కాదు, పేపర్ తప్పు కాదు. ఆర్డర్ మీద "కరెక్షన్ వద్దు" అని రాసిస్తే ఫైలు ఎలా ఉంటే అలాగే వేస్తారు. అప్పుడు రంగు సరిచేసి ఇవ్వాల్సిన పని మీది.

కానీ ఒక మాట. ఉన్న రంగు ఉన్నట్టు వేసి ఇస్తే పది మందిలో ఎనిమిది మంది "నల్లగా వచ్చింది, మళ్లీ వెయ్యి" అని వెనక్కి తెస్తారు. తెల్లగా చెయ్యమని అడిగేది ఇళ్లవాళ్లే. ఆపరేటర్‌ని తిట్టి లాభం లేదు.

నాగావళి గట్టు
పెళ్లిచూపులకి పంపే ఫొటో దగ్గర మొదలైంది ఆ అడగడం. స్టూడియోలు దాన్నే మామూలు చేసేశాయి, ఇప్పుడు అందరూ అదే తమ ముఖం అనుకుంటున్నారు. అడిగారని చెయ్యడం, అడక్కుండానే అందరికీ చెయ్యడం ఒకటి కాదు మాస్టారూ. మీరు చెప్పిన "కరెక్షన్ వద్దు" అన్న మాట కౌంటర్ దగ్గర ఎవరికైనా చెబుతారా? రాసి పెట్టిన చోటు నేనైతే చూడలేదు.

వెండిపూత
చెప్పరు. ఆ మాట ఒప్పుకుంటాను, చెప్పాలి. రెండింటికీ వేరు వేరు గళ్లు ఆర్డర్ ఫారంలోనే ఉండాలి. అయినా నిలవ విషయంలో నా మాట మారదు.

చామంతి
మా నాన్నగారి చిత్రపటం కూడా తెల్లగా చేసి ఇచ్చారు. ఇప్పుడు అర్థమైంది ఎందుకో.

కొలబద్ద
ఆ చిత్రపటం ఎంత సైజు? చిన్న ఫొటో నుంచి పెంచి ఉంటే డీపీఐ ఎంత వచ్చిందో చూడండి.

వంశధార
నేను అడిగింది ఒకటి, తేలింది ఇంకొకటి, అయినా పనికొచ్చింది. 4×6లు ల్యాబ్‌కే ఇద్దామనుకుంటున్నా, కరెక్షన్ లేకుండా. ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి, 3:2కి నేనే కత్తిరిస్తా. మొత్తం ఒకేసారి ఇవ్వకుండా ముందు కొన్ని వేయించి చూడాలంటే ఏవి ఎంచుకోవాలి?

వెండిపూత
నాలుగు చాలు. పసుపు బాగా ఉన్నది ఒకటి, తెల్ల పంచెవాళ్లది ఒకటి, ఆరుబయట ఆకాశం ముందు చామనఛాయ ముఖం ఒకటి, రాత్రి ఫ్లాష్‌తో తీసింది ఒకటి. నాలుగూ కరెక్షన్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి వేయించండి. ట్యూబ్‌లైట్ కింద కాదు, పగటిపూట కిటికీ పక్కన పెట్టి చూడండి. కరెక్షన్ లేనివన్నీ ఒకే తీరుగా నల్లగా ఉంటే మీ స్క్రీన్ వెలుగు ఎక్కువని అర్థం, ఫైళ్లన్నీ ఒకే కొలతతో కాస్త తేలికపరచి ఇవ్వండి. పసుపుది మాత్రమే తప్పితే ఆ గుంపుని విడిగా సరిచేయండి.

నాగావళి గట్టు
కరెక్షన్ లేకుండా వేస్తారా అని ముందు ఫోన్లోనే అడగండి అక్కా. "మా మెషీన్‌లో అలా కుదరదు" అంటే ఆ ల్యాబ్ వదిలేయండి, కుదురుతుంది. ఆ 8×12 ఇరవైకి మాత్రం ఎవరి దగ్గరైనా ఎల్8050 ఉంటే, ఒక్కటి తీయించి పక్కన పెట్టి చూశాకే ల్యాబ్‌కి ఇవ్వండి.