తబ్రీజ్ '50 రజ్', నాయిన్ '6 లా': ఏది సన్నని నేత?

నూలుపోగు:
రెండు ఇరాన్ తివాచీలు చూపించారండీ. ఒకటి తబ్రీజ్ ఊరి నేత, '50 రజ్' అన్నారు. రెండోది నాయిన్ ఊరిది, '6 లా' అట. 50 ఎక్కడ, 6 ఎక్కడ! తబ్రీజ్‌దే మేలని అనుకోవచ్చా? చేతి నేత అవునో కాదో ఎలా తెలుస్తుంది?

పడుగుపేక:
ఆ రెండు అంకెల్నీ పోల్చకండి, కొలిచేదే వేరు. రజ్ అంటే సుమారు 7 సెంటీమీటర్ల వెడల్పులో పడే ముడులు. అంకె పెరిగేకొద్దీ నేత సన్నం. 50 రజ్ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 50 ముడులు. నాయిన్‌లో 'లా' అంటే ఒక పడుగు దారంలో (నిలువు దారంలో) పేనిన పోగులు. ఇక్కడ అంకె తగ్గేకొద్దీ సన్నం: 9 లా కాస్త ముతక, 6 మంచి నేత, 4 చాలా సన్నం. తివాచీ కొసన వేలాడే కుచ్చులో ఒక దారం పట్టుకుని పురి విప్పండి. 6 లా అయితే మూడు పాయలు, ఒక్కో పాయకు రెండు పోగులు వస్తాయి.

రజ్ చూడాలంటే తివాచీని తిరగేసి, స్కేలు పేక (అడ్డ దారం) వెంట పెట్టి, ముడుల వెనక కనిపించే బొడిపెలు లెక్కపెట్టండి. చాలామంది పొరపడేది ఇక్కడే. తబ్రీజ్ సన్న నేతలో పడుగు దారం ఒకటి విడిచి ఒకటి లోపలికి పోతుంది, అందుకే ముడికి ఒక్క బొడిపే కనిపిస్తుంది. ఇరాన్‌లోనే హమదాన్ పల్లెల తివాచీల్లో పడుగంతా ఒకే మట్టం, ముడికి రెండు బొడిపెలు. అది తెలియకపోతే లెక్క రెట్టింపవుతుంది. మూడు చోట్ల లెక్కించి సగటు తీయండి.

రంగులద్దకం:
చేతి నేతైతే కుచ్చులు పడుగు దారాల కొసలే అయి ఉండాలి. విడిగా కుట్టి ఉంటే అనుమానించండి, కానీ పాతవాటికి బాగుచేసేటప్పుడూ కుడతారు, కాబట్టి వెనక కూడా చూడాలి. వెనక గుడ్డ అతికించి ఉంటే అది నేతే కాదు, జిగురుతో నిలబెట్టిన ఉన్ని. ఒకే రంగులో అడ్డచారలు కనబడితే లోపం అనుకోకండి. అద్దకం విడతలు మారితే వచ్చే ఆ తేడాను అబ్రష్ అంటారు. చేతి పని అందం అందులోనే ఉంది. తడి తెల్లగుడ్డతో రుద్దినప్పుడు ఎరుపు అంటితే మాత్రం తీసుకోవద్దు.

నూలుపోగు:
నాయిన్‌దాంట్లో పువ్వుల అంచులు మెరుస్తున్నాయి. పట్టేనా?

పడుగుపేక:
నాయిన్‌లో పువ్వుల గీతలకు పట్టు వాడడం మామూలే. రాలిన పోగు ఒకటి కాల్చి చూడండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన, నలిపితే పొడయ్యే బూడిద. కాగితం కాలిన వాసనొస్తే నూలో, కృత్రిమ పట్టో.