ఏడుపు సీన్లన్నిటికీ ఒకే సంగీతం వస్తోంది, ఏం చేయాలి?

కీబోర్డు పురుగు:
రెండేళ్లుగా షార్ట్ ఫిల్ములకి సంగీతం చేస్తున్నా. మొన్న నాలుగోదాని రీరికార్డింగ్, అంటే సీన్ల వెనక వచ్చే సంగీతం, వినిపిస్తే దర్శకుడు మొహమాటపడుతూ, "బాగుంది బ్రో, కానీ ఇది పోయినసారి ఇచ్చిందే కదా?" అన్నాడు. ఒట్టు, కొత్తగా చేసిందే! తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి విన్నా. నిజమే. అదే పియానో, దిగులుగా వినిపించే అదే మైనర్ కార్డు (కలిపి నొక్కే స్వరాలు), వెనకాల వయొలిన్లలా ఆగకుండా సాగే అదే స్ట్రింగ్స్ ప్యాడ్. పోనీ అదైనా గుర్తుండిపోయిందా అంటే, ఎడిటర్‌ని ఒకసారి హమ్ చేయమన్నా, నీళ్లు నమిలాడు. 1997 నాటి 'అన్నమయ్య'కి జాతీయ అవార్డు, 2023లో 'నాటు నాటు'కి ఆస్కార్. రెండు చోట్లా ఉన్నది ఒక్క కీరవాణి గారే. ఆ వైవిధ్యం ఎక్కడ మొదలవుతుంది?

తబలా శిష్యుడు:
నడక దగ్గర, అంటే తాళం సాగే తీరు దగ్గర. అందరూ రాగాల వెంట పడతారు గానీ, ఒంటికి ముందు తెలిసేది నడకే. 'నాటు నాటు' 6/8లో ఉంటుంది, ఒక్కో దెబ్బకీ మూడు ముక్కలు, మన తిశ్రం. కూర్చున్నవాడి మోకాలు కూడా ఊరుకోదు. మీ నాలుగు సినిమాల టెంపోలు, అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలో, ఒకసారి చూసుకోండి. అన్నీ 70 దగ్గరే ఉంటాయని పందెం.

కీబోర్డు పురుగు:
72, 70, 72, 68. పందెం మీదే, సిగ్గు నాది.

పాతపాటల పిచ్చి:
మామ మహదేవన్ గారు సాహిత్యం ముందు రాయించుకుని దానికి బాణీ కట్టేవారు. మాట ఎక్కడ సాగితే బాణీ అక్కడ సాగుతుంది, కాబట్టి ఏ రెండు పాటలూ ఒకేలా నడవవు. మీకు పాట లేకపోతే డైలాగుంది కదా! ఆ సీన్లో ఆఖరి మాటని పదిసార్లు పైకి అనండి. గొంతు ఎక్కడ లేస్తోందో, ఎక్కడ జారుతోందో కీబోర్డు మీద వెతకండి.

నాలుగు తీగలు:
నేను కాస్త వేరేగా అంటా. ఒకేలా ఉండటం తప్పేం కాదు. ఇళయరాజా గారి బేస్ గిటార్ నాలుగు బార్లు (తాళం నాలుగు చుట్లు) వింటే పేరు చెప్పక్కర్లేదు, దాన్ని సంతకం అంటాం. మీ ప్యాడ్ సంతకం కాదు, గోడకి వేసిన సున్నం. చేతిలో ఉన్నవన్నీ వాడేయకండి. 1960లో హాలీవుడ్ సినిమా 'సైకో'కి సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ తీగ వాయిద్యాలు తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. 1966లో 'ద గుడ్ ద బ్యాడ్ అండ్ ద అగ్లీ'కి సంగీతం చేసిన మోరికోనే ఇంకా తమాషా చేశాడు. నక్క ఊళలాంటి ఒక చిన్న ముక్క, అదే సినిమాలోని ముగ్గురు ముఖ్య పాత్రలకీ. ఒకడికి ఫ్లూట్ మీద, ఒకడికి ఒకరినా అనే బుల్లి ఊదుడు వాయిద్యం మీద, మూడోవాడికి మనుషుల గొంతుల్లో. ముక్క మళ్లీ మళ్లీ వచ్చింది కాబట్టి గుర్తుండిపోయింది, గొంతు మారింది కాబట్టి విసుగు రాలేదు.

కీబోర్డు పురుగు:
చేసి చూశా. ఆఖరి డైలాగు "నువ్వెళ్లు, నేనొస్తా." పదిసార్లంటే తెలిసింది, 'వెళ్లు' దగ్గర గొంతు లేచి, 'స్తా' దగ్గర జారిపోతోంది, రానని వాడికీ తెలుసన్నట్టు. ఐదు స్వరాలొచ్చాయి. ప్యాడ్ తీసేస్తే సీను బోసిపోయి భయమేసింది గానీ తీసేశా. ఇప్పుడు గొడవల్లా ఫ్లూట్ శాంపిల్‌తోనే (కీబోర్డులో రికార్డు చేసిపెట్టిన ఫ్లూట్ శబ్దం), ఎక్కడా ఊపిరి పీల్చుకోదు. నిజంగా ఫ్లూట్ వాయించేవాళ్లెవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. ఐదే స్వరాలు.