సీపీఆర్ క్లాసు: హార్బర్‌లో ఒకలా, కాలేజీలో ఒకలా చెప్పాలా?

ప్రశ్న (మధురవాడ నుంచి):
నమస్కారం అండి. విశాఖలో ప్రథమ చికిత్స నేర్పిస్తుంటాను. ఫిషింగ్ హార్బర్ బోటు కార్మికులు, ఆటోనగర్ వర్క్‌షాపుల వాళ్లు, ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు, ఈ మూడు బ్యాచ్‌లకీ త్వరలో సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి, శ్వాస ఇచ్చే ప్రథమ చికిత్స) చెప్పాలి. ఒక్కో బ్యాచ్‌కి రెండు గంటలే టైము. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అని విడగొట్టమంటున్నారు. అది పనికొస్తుందా?

గాజువాక సేఫ్టీ:
అలా విడగొట్టొద్దు. దానికి సరైన ఆధారాలే లేవని 2008లో సైకాలజిస్టులు పాత పరిశోధనలన్నీ పరిశీలించి తేల్చారు. వాళ్లకి ఎదురయ్యే ప్రమాదం ఏమిటో చూసి క్లాసు మార్చండి. హార్బర్‌లో భయం నీళ్లతో. మునిగిన మనిషికి ఊపిరి అందకే గుండె ఆగుతుంది కాబట్టి శిక్షణ ఉన్నవాళ్లు ముందు నోటితో శ్వాస ఇచ్చి, తర్వాత ఛాతీ మీద 30 నొక్కులకి 2 శ్వాసల లెక్కన సాగాలి. ఆటోనగర్‌లో కరెంటు షాకు ఎక్కువ, అక్కడ మనిషిని ముట్టుకునే ముందు మెయిన్ ఆపడం రావాలి. హాల్లో చెప్పడం కంటే వాళ్ల షెడ్డులోనే ఆ స్విచ్ దగ్గర నిలబెట్టి చేయించండి.

సాగర్‌నగర్:
హార్బర్ బ్యాచ్ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 మధ్య పెట్టుకోండి, వేట నిషేధం కాబట్టి మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. మొదలుపెట్టగానే పాఠం వద్దు, మనిషి మునిగితే మీరేం చేస్తారని అడగండి. కడుపు నొక్కి నీళ్లు కక్కిస్తామనో, తలకిందులుగా పట్టుకుంటామనో చెప్తారు. అది ఎందుకు వద్దో అక్కడే చెప్పాలి, లేకపోతే కొత్తది విని ఊరుకుని రేపు పాతదే చేస్తారు. ముందుగా సరంగుకి, అంటే బోటు నడిపే పెద్దకి, విడిగా నేర్పి అందరి ముందూ ఆయన చేతే చూపించండి, పెద్దాయన్ని కుర్రాళ్ల ముందు పరీక్ష పెట్టినట్టు మాత్రం చేయొద్దు.

నర్సింగ్ ట్యూటర్:
కాలేజీ పిల్లలకి చదువొచ్చు కదా అని స్లైడ్లు పెంచేస్తారు, నాకు అదే బాధ. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, లోతు 5 సెంటీమీటర్లకి తగ్గకూడదు అని గడగడా రాసేస్తారు, సీపీఆర్ ప్రాక్టీసు బొమ్మ మీద చేయి పెడితే సగం లోతు కూడా దిగదు. వీడియో ముందురోజే వాట్సాప్‌లో పంపించి, ఆ రెండు గంటలూ బొమ్మకే ఇచ్చేయండి. ఏ బ్యాచ్‌లోనైనా అర్థమైందా అని అడగొద్దండి, అందరూ తలూపుతారు, చేసి చూపించమనండి. కొన్ని నెలలకే చేతులు మరిచిపోతాయి కాబట్టి మళ్లీ ఒకసారి వెళ్లాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. సరంగులతో ఈ వారమే మాట్లాడతాను. నా దగ్గర ఒక్క బొమ్మే ఉంది, దాంతో అందరి చేతా చేయించడం కుదరదు. ఎవరి దగ్గరైనా ఉంటే అద్దెకి ఇస్తారా?