ఇంటినిండా మనుషులుంటే ఒంటరితనం ఎట్లా వస్తుంది? కరోనా కాలపు పిల్లల గురించి ఒక చర్చ

మద్దూరు పిలగాడు

మొన్న మా మేనత్త కొడుకు పెండ్లిలో భోజనాల దగ్గర ఒక మాట మీద వాదన జరిగింది. కరోనా అప్పుడు ఊళ్లో ఉన్న నెలల్లో పిచ్చి లేసినట్టు అయ్యిందని, ఇప్పటికీ నలుగురిలో కూర్చుంటే మాట రాదని నా దోస్తు ఒకడు చెప్పాడు. పక్కనే ఉన్న పెద్దాయన వెంటనే, "ఇంటినిండా మనుషులు, మూడు పూటల తిండి. ఇంక ఒంటరితనం ఏందిరా? ఫోన్ల రోగం అది" అన్నాడు. వాడు మళ్లీ నోరు తెరవలేదు. లేచి చేయి కడుక్కున్నాడు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే వాడు చెప్పింది నా సంగతి కూడా.

2020 మార్చిలో నేను హైదరాబాద్ హాస్టల్‌లో ఉండి చదువుకునేవాణ్ని, 19 ఏళ్లు. జనతా కర్ఫ్యూకి రెండ్రోజుల ముందే ఒక బ్యాగు, రెండు జతల బట్టలతో ఊరికి వచ్చాను. వారం తిరిగేసరికి ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా ముళ్లకంప వేశారు. మే నెలలో మా నాన్న పూణె నుంచి కొంత దూరం లారీలో, కొంత దూరం నడిచి వచ్చి, 14 రోజులు బడిలో ఉండి ఇంటికి చేరాడు. కూలీలను జట్టుగా పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రి వెంట ఏటా పది నెలలు వలసపోయే మనిషి. నాకు ఊహ తెలిశాక నాన్నతో వరుసగా నెలరోజులు ఒక ఇంట్లో ఉన్నది అదే మొదటిసారి.

నిజం చెప్పాలంటే, మా ఇద్దరికీ మాటలు దొరకలేదు. ఆయన అరుగు మీద కూర్చుని ఒకే తాడును విప్పి మళ్లీ పేనేవాడు. నేను మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చునేవాణ్ని, సిగ్నల్ అక్కడే వచ్చేది. మా క్లాసు వాట్సాప్ గ్రూపులో మొదట రోజుకు రెండు వందల మెసేజ్‌లు వచ్చేవి. జూలై వచ్చేసరికి ఎవడిదో పుట్టినరోజు అయితే తప్ప ఒక్కటీ లేదు. ఇంట్లో ఐదుగురం. ఆ ఐదు నెలల్లో "ఎట్లున్నవ్ బిడ్డా" అని అడిగింది అమ్మ ఒక్కతే, అదీ అన్నం తిన్నావా అనే అర్థంలో.

అందుకే అడుగుతున్నా. మనుషుల మధ్య ఉన్నవాడికి ఒంటరితనం ఉంటుందా, లేదా? ఉంటుందని నేనంటాను. కాదనే వాళ్లు కారణంతో చెప్పండి.

నకిరేకల్ మాష్టారు

బాబూ, నువ్వు బాధపడలేదని నేను అనను. కానీ పెద్దాయన మాటను అంత తేలిగ్గా కొట్టిపారేయకు.

లాక్‌డౌన్ మొదటి వారాల్లో బ్రిటన్‌లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్లు 18 ఏళ్లు నిండిన 38 వేల మందికి పైగా మనుషులను గమనించారు. ఎక్కువ ఒంటరితనం ఎవరిలో కనబడిందంటే పడుచు వయసు వాళ్లలో, ఒక్కళ్లే ఉండేవాళ్లలో, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లలో. నలుగురితో కలిసి ఉన్నవాళ్లకు, దగ్గరి స్నేహితులు ఉన్నవాళ్లకు అది తక్కువ. అంటే ఇల్లు కాపాడింది. మన పల్లెల్లో ఒక్కడే ఒక గదిలో ఉన్న పిల్లవాడు ఎక్కడున్నాడు?

ఇంకోటి నా కళ్లతో చూసింది. ఆ ఎండాకాలం మా ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లలు కూడా తట్ట, పార పట్టుకుని ఉపాధి హామీ పనికి పోయారు. పొద్దున్నే లేచి నలుగురితో మట్టి తవ్వినవాళ్లు బాగున్నారు. పడుకుని ఫోన్ చూసినవాళ్లు పాడయ్యారు. ప్రతి దిగులుకూ ఒక జబ్బు పేరు పెడితే, పిల్లవాడు ఆ పేరునే పట్టుకుని కూర్చుంటాడు. 34 ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, పిల్లల మీద ప్రేమ ఉండే చెబుతున్నా.

పెద్దాసుపత్రి సిస్టర్, మహబూబ్‌నగర్

నమస్తే సార్. ఒంటరితనం జబ్బు కాదు, ఆ మాట మీతో ఒప్పుకుంటాను. అది ఆకలి లాంటిది. ఆకలి జబ్బు కాదు, కానీ రోజులు గడిచినా తీరకపోతే మనిషి పడిపోతాడు.

మీరు చెప్పిన బ్రిటన్ పరిశీలననే తీసుకుందాం. ఒంటరితనాన్ని వాళ్లు కొలిచింది మూడు ప్రశ్నలతో. నాకు తోడు లేదని ఎంత తరచుగా అనిపిస్తుంది? నన్ను పక్కన పెట్టేశారని ఎంత తరచుగా అనిపిస్తుంది? అందరికీ దూరమయ్యానని ఎంత తరచుగా అనిపిస్తుంది? ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నది ఆ మూడింటిలో లేదు సార్, దాన్ని వేరుగా రాసుకున్నారు. కలిసి ఉన్నవాళ్లకు తక్కువ అంటే లేదని కాదు కదా. పైగా ఆ వయసు వాళ్లలోనే ఎక్కువని మీరే రాశారు.

2020లో ప్రపంచం మొత్తం మీద ఆందోళన, డిప్రెషన్ సుమారు 25 శాతం పెరిగాయని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది. ఎక్కువ దెబ్బ తగిలింది యువతకు, ఆడవాళ్లకు అని కూడా చెప్పింది. ఆ రెండో మాట మీద నాలుగు ముక్కలు రాయాలి. ఇక్కడ వాదించుకుంటున్న ఇద్దరూ మగవాళ్లే, ఆడపిల్ల ఊసే రాలేదు.

మా పక్కింటి పిల్ల అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. ఇంట్లో ఏడుగురు. పొద్దున్న బోళ్లు తోమడంతో మొదలై రాత్రి పక్కలు వేసేదాకా ఆమెకు పనే. ఫోన్ ఒకటే, అది అన్న చేతిలో. ఆమె కాలేజీకి పోయేది చదువుకే కాదు, బస్సులో కిటికీ పక్క సీటుకు, జడ్చర్ల స్టాండులో నలుగురు స్నేహితురాళ్లతో నవ్వుకోవడానికి. ఆ ఒక్క గంట పోయింది. సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. ఒకరోజు గోడ మీద నుంచి నాతో, "అక్కా, ఊరికే ఏడుపొస్తోంది, ఏమన్నా గోళీ ఉంటదా?" అని అడిగింది. పని లేకపోవడం వల్ల దిగులు వస్తుందంటే, ఆ పిల్లకు రానే రాకూడదు సార్.

రెండు వారాలు దాటి నిద్ర చెడి, తిండి సయించక, ఇష్టమైన పని కూడా చేయబుద్ధి కాకపోతే అది దిగులు దాటిపోయినట్టే. దయచేసి చూపించుకోండి. టెలీ-మానస్ అనే ప్రభుత్వ సహాయ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రిపూట కూడా ఉంటారు. అది వచ్చింది 2022 అక్టోబరులో. ఆ పిల్ల అడిగిన రోజు నా దగ్గర ఇవ్వడానికి ఏ నంబరూ లేదు.

మిర్యాలగూడ

నాకు మాత్రం ఆ నెలలు బతుకులో మంచివి. రూమ్‌లో వండుకు తినే బాధ తప్పింది, అమ్మ చేతి వంట, తమ్ముడితో క్యారమ్స్. అందరి అనుభవం ఒకటే అన్నట్టు రాయకండి. అయితే నాకు బాగుంది కాబట్టి పక్కవాడిది నటన అని కూడా నేను అనను.

తండా డిగ్రీ

అన్నా, నాది దేవరకొండ వైపు తండా. మీరంతా మనుషులు ఉండటం, లేకపోవడం గురించి రాస్తున్నారు. చోటు గురించి ఎవరూ అనలేదు.

2021 మేలో మన నల్లగొండ జిల్లాలోనే ఒక తండాలో, పాజిటివ్ వచ్చిన విద్యార్థి ఇంట్లో వేరే గది లేక చెట్టు మీద మంచం కట్టుకుని 11 రోజులు ఉన్నాడు. పేపర్లలో, టీవీల్లో అంతా వింతగా చూపించారు. మా ఇంట్లో ఎవరూ వింత అనుకోలేదు. ఒకటే గది, అందులో ఆరుగురం, మేకపిల్లలు వేరు. నాకు పాజిటివ్ వచ్చినా అదే చేసేవాణ్ని.

ఒకటే గదిలో ఆరుగురు ఉంటే ఏడవడానికి చోటుండదు. ఫోన్‌లో దోస్తుతో మనసు విప్పాలంటే అందరూ వింటారు. కాబట్టి ఏమీ మాట్లాడం. చేనుకు పోయి మాట్లాడదామంటే సిగ్నల్ లేదు. వేపచెట్టు కింద గద్దె మీద కూర్చుందామంటే పోలీసులు వస్తారని భయం. సార్ చెప్పిన ఉపాధి పని నేనూ చేశాను, అక్కడ బాగుండేది, అది ఒప్పుకుంటా. కానీ బాగుండేది మట్టి తవ్వినందుకు కాదు. నీళ్లు తాగేటప్పుడు కట్ట మీద నా ఈడు వాళ్లు పది నిమిషాలు దొరికేవాళ్లు, అందుకు.

నకిరేకల్ మాష్టారు

తండా బాబు రాసిన చివరి మాట రెండుసార్లు చదివాను. పని వల్ల అనుకున్నది తోడు వల్ల కావచ్చు. ఆడపిల్లల సంగతి నేను ఆలోచించలేదు, సిస్టర్ చెప్పింది నిజం.

నా వాదనకు అడ్డమొచ్చే ఒక సంగతి నేనే చెబుతాను. 2021 ఫిబ్రవరి 1న మళ్లీ తొమ్మిది, పది తరగతులు తెరిచారు. నేను అప్పుడు పదో తరగతికి హాజరు పిలిచాను. అంతకుముందు పైకప్పు ఎగిరిపోయేలా "ఎస్ సార్" అనే పిల్లలు గొణిగినట్టు పలికారు. ముందు బెంచీ పిల్లవాడు తల ఎత్తడానికి పది రోజులు పట్టింది. చదువు వెనకబడి సిగ్గుపడుతున్నారని అనుకుని, నేను రెండు నెలలూ సిలబస్ వెంట పరుగెత్తాను. ఒక్క పిల్లవాడినీ ఇన్నాళ్లూ ఎట్లా గడిచిందని అడగలేదు. అడగాల్సింది.

ఫోన్ల మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు. తెల్లవారుజామున మూడింటిదాకా చూసే ఫోన్ ఎవరికీ తోడు కాదు.

మద్దూరు పిలగాడు

సార్, ఫోన్ సంగతిలో మీరన్నది సగం నిజం. నేనూ మూడింటిదాకా చూసేవాణ్ని. కానీ ముందు ఫోన్ వచ్చి తర్వాత ఒంటరితనం రాలేదు నాకు. ఎవరూ లేక దాన్ని పట్టుకున్నా, పట్టుకున్నాక నిద్ర పోయి ఇంకా పాడయ్యా.

పెండ్లి నుంచి వచ్చాక నాన్నను ఒక మాట అడిగాను. ఇప్పుడు ఆయన పోవడం మానేశాడు, మోకాళ్లు పట్టేశాయి. "పూణెలో నీకు ఎప్పుడన్నా ఒక్కణ్నే అనిపించేదా?" అన్నాను. చాలాసేపు ఏం అనలేదు. తర్వాత చెప్పాడు. రేకుల గదిలో పన్నెండు మంది పడుకునేవాళ్లట. వారానికోసారి ఇంటికి ఫోన్ చేయడానికి లైన్‌లో నిలబడి, వంతు వచ్చేసరికి ఏం మాట్లాడాలో తెలియక వానలు పడ్డాయా అని అడిగి పెట్టేసేవాడట. "నీ గొంతు వినాలని ఉండేది. నిన్ను పిలువుమని అడగనీకి సిగ్గయ్యేది" అన్నాడు.

మా ఊరి నుంచి బొంబాయి, పూణె పోయినవాళ్లు ఇంటికొకరు ఉంటారు. పన్నెండు మంది మధ్య పడుకుని కూడా వాళ్లకు అట్లాగే ఉండేదేమో, ఎవరూ అడిగి ఉండరు. పెండ్లిలో నా దోస్తును గదమాయించిన పెద్దాయన కూడా ఇరవై ఏళ్లు బొంబాయి దగ్గర భీవండిలో పనిచేసి వచ్చినవాడే. ఈ ఆదివారం వాణ్ని తీసుకుని ఆయన ఇంటికి పోతున్నా.