వారానికి రెండుసార్లే కారు తీస్తాను, అయినా మూడేళ్లు ఎస్‌ఆర్-22 ఉండాల్సిందేనా?

సన్నీవేల్ వాసి:
అందరికీ నమస్కారం. నాన్నకు బైపాస్ ఆపరేషన్ అని గుంటూరు వెళ్లి నాలుగు నెలలు ఉండిపోయాను. ఆ మధ్యలో క్రెడిట్ కార్డు గడువు తీరి ఆటోపే ఆగింది, కారు ఇన్సూరెన్స్ రద్దయింది. ఆసుపత్రి హడావిడిలో మెయిల్ చూసుకోలేదు. కాలిఫోర్నియాకు తిరిగొచ్చిన మూడో రోజు కూరగాయలకు వెళ్లి, షాపు పార్కింగ్‌లో వెనక్కి తీస్తుంటే పక్క కారు తలుపు నొక్కుకుపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. రిపేరుకు 2,300 డాలర్లు నేనే కట్టాను. అంతటితో అయిపోయిందనుకున్నాను. తర్వాత డీఎంవీ (లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు చూసే రాష్ట్ర శాఖ) నుంచి లైసెన్స్ సస్పెన్షన్ ఉత్తరం వచ్చింది.

ఏడాదంతా సైకిల్ మీద, బస్సులో తిరిగాను. ఇప్పుడు లైసెన్స్ కావాలంటే, ఇన్సూరెన్స్ ఉందని కంపెనీ ఇచ్చే పత్రం, అదే మూడేళ్లు ఎస్‌ఆర్-22 ఉండాలంటున్నారు. నాది ఇంటి నుంచే పని. ఆదివారం గుడికి, బుధవారం సరుకులకు, అంతే. ఏడాదికి 2,500 మైళ్లు దాటదు. ఇంత తక్కువ నడిపేవాళ్లకు మినహాయింపు లేదా? కారు అమ్మేస్తే తప్పుతుందా? మా ఆవిడ పేరు మీద ఇంకో కారు ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

డల్లాస్ మిత్రుడు:
మా తమ్ముడికి ఇక్కడ టెక్సాస్‌లో రెండేళ్లే అడిగారండి. మూడేళ్లు అని ఎందుకన్నారో మరోసారి కనుక్కోండి.

బే ఏరియా పాత ఏజెంట్:
రాష్ట్రానికో రూలండి, కాలిఫోర్నియాలో మూడేళ్లే. నేను తొమ్మిదేళ్లు ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేశాను, మీలాంటి కేసులు చాలా చూశాను. నష్టం 1,000 డాలర్లు దాటితే పార్కింగ్‌లో జరిగినా డీఎంవీకి ఎస్‌ఆర్-1 అనే ప్రమాద నివేదిక వెళ్లాలి. ఇన్సూరెన్స్ లేదని తేలితే తప్పు ఎవరిదైనా లైసెన్స్ ఆగుతుంది. మీరు రిపేరు డబ్బు కట్టేసినా అది వేరే లెక్క.

మైళ్లను బట్టి మినహాయింపు లేదు. ఎస్‌ఆర్-22 అంటే పాలసీ కాదు, మీకు ఇన్సూరెన్స్ ఉందని కంపెనీ డీఎంవీకి ఇచ్చే హామీ పత్రం. అది కారుకు కాదు, మీ లైసెన్సుకు కట్టి ఉంటుంది. అందుకే కారు అమ్మినా తప్పదు. కారు లేనివాళ్లకు నాన్-ఓనర్ పాలసీ ఉంది కానీ, ఇంట్లో మీ ఆవిడ కారు ఉంది కదా, మామూలుగా దానికి ఆ పాలసీ వర్తించదు. ఆ దారి వద్దు. రెండు కార్లూ ఒకే పాలసీలో పెట్టి, దానిమీద ఎస్‌ఆర్-22 వేయించండి. ఇక్కడ 2025 జనవరి 1 నుంచి కనీస లయబిలిటీ (ఎదుటివాళ్ల నష్టానికి ఇచ్చే కవరేజీ) ఒక మనిషి గాయాలకు 30,000, ఒక ప్రమాదంలో గాయాలన్నిటికీ కలిపి 60,000, ఆస్తి నష్టానికి 15,000 డాలర్లు. కారు కదలడం లేదు కదా అని కాంప్రిహెన్సివ్ (దొంగతనం, అగ్ని లాంటివాటి నుంచి మన కారుకు ఉండే కవరేజీ) ఒక్కటే ఉంచుకుంటే చెల్లదు.

మీ తక్కువ మైళ్లు పనికొచ్చేది ప్రీమియంలో. 1988లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 103 అనే చట్టం ప్రకారం ఇక్కడ రేటుకు మొదట చూసేది డ్రైవింగ్ రికార్డు, రెండోది ఏడాదికి తిరిగే మైళ్లు. ఓడోమీటర్ ఫోటో తీసి, పాత సర్వీస్ బిల్లుల మీద ఉన్న రీడింగులు కూడా పంపండి. చాలామంది కంపెనీ ఊహించి వేసిన అంకెకే డబ్బు కడుతుంటారు, అది చూస్తే నాకు బాధేస్తుంది.

ఇంకొకటి, దయచేసి నెలనెలా ఆటోపే వద్దు. ఆరు నెలలది ఒకేసారి కట్టండి. పాలసీ ఆగితే కంపెనీ డీఎంవీకి చెప్తుంది, లైసెన్స్ మళ్లీ పోతుంది.

సన్నీవేల్ వాసి:
చాలా థ్యాంక్స్ అండి. మళ్లీ ఇండియా వెళ్లేటప్పుడు కారు వాడటం లేదని డీఎంవీకి రాసిస్తే సరిపోతుందా?

బే ఏరియా పాత ఏజెంట్:
ఆ నాన్-యూజ్ అఫిడవిట్ కారు రిజిస్ట్రేషన్‌ను కాపాడుతుంది, అంతే. మామూలు రోజుల్లో అయితే అది చాలు. ఈ మూడేళ్లు మాత్రం మీరు గుంటూరులో ఉన్నా పాలసీ నడుస్తూనే ఉండాలి. నాన్నగారికి ఇప్పుడెలా ఉంది?

సన్నీవేల్ వాసి:
పొద్దున్నే అరగంట నడుస్తున్నారండి. నిన్న ఆరు నెలల ప్రీమియం కట్టేశాను, ఎస్‌ఆర్-22 ఫైల్ చేశామని కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. శుక్రవారం డీఎంవీ అపాయింట్‌మెంట్.